దుప్పట్లు పంచని సాయం

చిన్నీ, బుజ్జీ,

పేదవాళ్లకి సాయం అంటే దుప్పట్లు పంచడం, అన్నదానం చేయడం అని మీ స్కూల్ ప్రాజెక్టులో రాశారు, చదివాను. చలిలో దుప్పటి విలువ దుప్పటిదే, కాదనను. కానీ ఇంకో రకం సాయం ఉంది, అది ఫొటోలకు అంత బాగా పడదు. అలాంటి పని చేసిన ఒకాయన గురించి చెబుతాను.

పేరు బెజవాడ విల్సన్. 1966లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టారు, కొంత చదువు మన కుప్పం హాస్టల్లో. అమ్మానాన్నలది పాకీ పని. మీకు ఫ్లష్ నొక్కడమే తెలుసు కాబట్టి చెబుతున్నా: నీళ్లు లేని మరుగుదొడ్లు ఉండేవి, ఎవరో ఒకరు వచ్చి రేకుతో గీకి, బకెట్లోకో తట్టలోకో ఎత్తి, నెత్తిన పెట్టుకుని మోసుకుపోవాలి. ఆ ఎవరో ఒకరు దాదాపు ఎప్పుడూ కొన్ని దళిత కులాలవాళ్లే. తమ పని సంగతి కొడుక్కి తెలియకుండా దాచారట పాపం, కానీ తోటి పిల్లలు ఊరుకుంటారా, ఏడిపించేవాళ్లు.

పెద్దయ్యాక ఆయన స్వయంగా చూడ్డానికి వెళ్లారు. బకెట్ జారి మలం గుంటలో పడింది. పనివాడు చొక్కా చెయ్యి పైకి మడిచి, లోపలికి చెయ్యి పెట్టి వెతికాడు. అది చూసి విల్సన్ గారు గంటల తరబడి ఏడ్చారట. నాకైతే ఆ ఏడుపు కంటే తర్వాత చేసిందే గొప్పగా అనిపిస్తుంది. సాయంత్రాలు వాళ్ల వాడల్లో కూర్చుని మాట్లాడటం. తాగుడు మానమంటే, తాగకపోతే ఆ కంపులో పని ఎలా చేస్తాం అనేవాళ్లు, ఈ పని మానేస్తే తిండెవరు పెడతారు అనేవాళ్లు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు లేకుండా చట్టం ఒక్కటే ఏం చేస్తుంది చెప్పండి?

చట్టం 1993లోనే వచ్చింది, పాకీ పని చేయించడం నేరమని. తర్వాత విల్సన్ గారు ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దలతో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్ అని, పాకీ పని మాన్పించే ఉద్యమం మొదలుపెట్టారు. ఈ శంకరన్ గారు ఐఏఎస్ అధికారి, వెట్టి చాకిరీ మాన్పించడానికి పాటుపడ్డ మనిషి, ఆయన గురించి ఇంకో ఉత్తరం రాయాలి. 2003లో సుప్రీంకోర్టుకి వెళితే, మా దగ్గర అలాంటి దొడ్లే లేవని చాలా ప్రభుత్వాలు ప్రమాణపత్రాలు ఇచ్చాయి! అప్పుడు వీళ్లు ఊరూరా తిరిగి ఎక్కడ ఏ దొడ్డి, ఎవరు ఎత్తుతున్నారు అని ఫొటోలతో సహా రాసి కోర్టు ముందు పెట్టారు. కొన్నిచోట్ల ఆ పని చేసిన ఆడవాళ్లే గడ్డపారలతో దొడ్లు పగలగొట్టి, మోసిన తట్టలు తగలబెట్టారు. విల్సన్ గారి అసలు పని ఇదేనని నా లెక్క, వాళ్ల చేతే వద్దనిపించడం.

తీర్పు రావడానికి 2014 దాకా పట్టింది. ఇలాగే మురుగు కాలువల్లో దిగి శుభ్రం చేస్తూ చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వమన్నారు, 2023లో అది 30 లక్షలైంది. 2016లో విల్సన్ గారికి మెగసెసే అవార్డు వచ్చింది, ఆసియాలో పెద్ద పేరున్న అవార్డు అది. చావులు మాత్రం ఆగలేదు, పేపర్లో చూస్తూనే ఉన్నాం.

అందుకే ఒక మాట. మీ అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు వాచ్‌మన్ ఎవరినైనా లోపలికి దించబోతే వెంటనే నాన్నని పిలవండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం నేరం, మిషన్ లారీని పిలిపించమనండి.

మీ తాతయ్య