ఒంటరి న్యూట్రాన్ దగ్గర కొత్త ఫిజిక్స్ వెతకడం

పిల్లలూ,

కొత్త ఫిజిక్స్, అంటే ఇప్పుడున్న సిద్ధాంతంలో లేని కణాలు, బలాలు, అనగానే జెనీవా దగ్గర నేల కింద 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఉన్న ఆ పెద్ద మెషినే (కణాలని ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్) గుర్తొస్తుంది కదా మీకు, దాని గురించి అందరూ చెప్తూనే ఉంటారు కాబట్టి నేను ఇంకోటి రాస్తాను. న్యూట్రాన్ విడిపోవడం గురించి. నాకైతే ఇంత అందమైన వెతుకులాట ఇంకోటి లేదనిపిస్తుంది.

1932లో చాడ్విక్ కనిపెట్టిన ఈ న్యూట్రాన్ స్థిరమైన కేంద్రకంలో ఉన్నంతకాలం బానే ఉంటుంది, ఒంటరిగా బయటికొస్తే మాత్రం సగటున 15 నిమిషాల లోపే ప్రోటాన్, ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినో (చార్జ్ లేని, చాలా తేలికైన కణం) అయిపోతుంది, దీన్నే బీటా క్షయం అంటారు. న్యూట్రాన్, ప్రోటాన్ లోపల క్వార్క్‌లనే ఇంకా చిన్న కణాలుంటాయి, వాటిలో ఒక డౌన్ క్వార్క్ అప్ క్వార్క్‌గా మారుతుంది, ఆ మార్పు జరిగేది డబ్ల్యూ బోసాన్ అనే బరువైన కణం వల్ల. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. డబ్ల్యూ బరువు ప్రోటాన్‌కి దాదాపు 85 రెట్లు, న్యూట్రాన్ విడిపోతే వచ్చే ఎనర్జీ చూస్తే డబ్ల్యూని పుట్టించడానికి కావాల్సిన దాంట్లో లక్షో వంతు కూడా ఉండదు. అంటే డబ్ల్యూ బయటికి కనిపించే ప్రశ్నే లేదు, అయినా అది చేసిన పని కనిపిస్తోంది! మరి అంతకన్నా బరువైన, మనకింకా తెలియని కణం ఏదైనా ఉంటే అది కూడా ఇలాగే కనపడకుండా ఇందులో వేలు పెట్టొచ్చు కదా? కాకపోతే దాని ప్రభావం వెయ్యిలో ఒక వంతు, ఇంకా తక్కువ కూడా కావచ్చు, అందుకే ఇక్కడ పెద్ద మెషిన్ కన్నా కచ్చితమైన కొలత ముఖ్యం.

ఏం కొలుస్తారంటే, ముందుగా ఎలక్ట్రాన్ ఎటు పోయిందని. న్యూట్రాన్ల స్పిన్ (బొంగరం తిరుగుడు లాంటి, దిశ ఉన్న గుణం) అంతా ఒకే వైపు తిప్పి చూస్తే ఎలక్ట్రాన్లు రెండు వైపులా సమానంగా రావు, స్పిన్‌కి ఎదురు వైపే కొంచెం ఎక్కువ పోతాయి. అద్దంలో చూస్తే ఇది తిరగబడుతుంది, అంటే ప్రకృతికి కుడి ఎడమల తేడా ఉంది, దాన్ని 1957లో కోబాల్ట్ కేంద్రకాలతో మొదట చూపించింది చియెన్-షియుంగ్ వూ, ఆవిడ పేరు మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పెర్కియో 3 అనే ప్రయోగం న్యూట్రాన్లలో ఈ తేడాని వెయ్యిలో రెండు వంతుల లోపు కచ్చితత్వంతో కొలిచింది. అమెరికాలో ఓక్ రిడ్జ్ దగ్గర నాబ్ అనే ప్రయోగం ఎలక్ట్రాన్‌నీ ప్రోటాన్‌నీ రెండిటినీ పట్టుకుంటుంది, ఎలక్ట్రాన్ల ఎనర్జీ గ్రాఫ్ ఆకారం స్టాండర్డ్ మోడల్ (కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం) చెప్పినదానికన్నా కొంచెం వంగినా చాలు, కొత్త రకం బలం ఉందని అనుమానించొచ్చు.

ఇక న్యూట్రాన్ ఆయుష్షు సంగతి, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. లాస్ అలమోస్‌లో బాగా చల్లబరిచిన న్యూట్రాన్లని అయస్కాంతాలు పరిచిన గిన్నె లాంటి పాత్రలో పోస్తారు, దానికి మూత ఉండదు, ఎందుకో తెలుసా, అవి సెకనుకు కొద్ది మీటర్లే కదులుతాయి కాబట్టి భూమి ఆకర్షణే వాటిని కిందకి లాగేస్తుంది (సెకనుకు 5 మీటర్లతో పైకి ఎగిరితే ఎంత ఎత్తు పోతుందో స్కూల్ ఫార్ములాతోనే వేసి చూడండి). కొంతసేపటికి ఎన్ని మిగిలాయో లెక్కపెడితే ఆయుష్షు సుమారు 878 సెకన్లు వచ్చింది. అదే న్యూట్రాన్ల ధారని పంపి, పుట్టిన ప్రోటాన్లని లెక్కపెట్టిన పద్ధతిలో సుమారు 888 వచ్చింది. పది సెకన్లే కదా అనకండి, రెండు వైపులా చెప్పుకున్న ఎర్రర్ కన్నా ఆ తేడా చాలా ఎక్కువ. కొన్ని న్యూట్రాన్లు ప్రోటాన్ ఇవ్వకుండా చీకటి పదార్థంగా (డార్క్ మ్యాటర్, కాంతితో కనపడని పదార్థం) మారుతున్నాయేమో అని 2018లో ఫోర్నాల్, గ్రిన్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అన్నారు, అలా మారేవి నూటికి ఒకటి ఉంటే ఈ తేడా సరిపోతుంది. ఆ మార్పులో రావచ్చన్న గామా కిరణాల కోసం, ఎలక్ట్రాన్ పాజిట్రాన్ (పాజిటివ్ చార్జ్ ఉన్న ఎలక్ట్రాన్ జోడీ) జంటల కోసం వెతికారు, దొరకలేదు. నా ఉద్దేశంలో ఏదో ఒక పద్ధతిలో కనపడని పొరపాటు ఉండే అవకాశమే ఎక్కువ, కానీ అది ఎక్కడుందో చూపించేదాకా ఆ మాట రుజువు కాదు, అందుకే ధార పద్ధతిని కూడా ఇంకా మెరుగైన పరికరాలతో మళ్లీ కొలిచే పని నడుస్తోంది.

ఆ ఎత్తు ఎంతొచ్చిందో నాకు రాసి పంపండి.

మీ తాతయ్య