‘నా చేతుల్లో ఏముంది?’: అమెరికా తరగతి గదుల్లో ఒక ప్రశ్న ప్రయాణం

1964 నాటి పౌరహక్కుల చట్టం ఆదేశం మేరకు అమెరికా ప్రభుత్వం బడుల మీద భారీ సర్వే చేయించింది. సమాజ శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ దానికి నాయకత్వం వహించారు. దాదాపు నాలుగు వేల బడుల పిల్లలు అందులో పాల్గొన్నారు. 1966లో నివేదిక వచ్చింది. ప్రయోగశాలలెన్ని, గ్రంథాలయంలో పుస్తకాలెన్ని, టీచర్లు ఎంత చదువుకున్నారు అన్న లెక్కలతో పాటు పై తరగతుల పిల్లల ముందు మూడు మాటలు పెట్టి, ఒప్పుకుంటారా అని అడిగారు. పైకి రావాలంటే కష్టం కన్నా అదృష్టమే ముఖ్యం. ముందుకెళ్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి, ఎవరో ఒకరు అడ్డుపడతారు. నాలాంటి వాళ్లకు జీవితంలో గెలిచే అవకాశం పెద్దగా లేదు.

నల్లజాతి పిల్లల చదువుతో ఈ మూడింటి జవాబులకున్న ముడి, బడి వసతులన్నీ కలిపి చూసినా వాటికన్నా గట్టిగా ఉందని తేలింది. మరో సంగతి అంతగా చర్చకు రాలేదు. తెల్ల పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో చదివే నల్లజాతి పిల్లల్లో తమ భవిష్యత్తు తమ చేతుల్లో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించింది. చదువులో తామూ గట్టివాళ్లమేనన్న నమ్మకం మాత్రం తగ్గింది. అంటే పక్క బెంచీలో ఎవరు కూర్చున్నారన్నది పిల్లల మనసును ఒకేసారి రెండు వైపులా లాగుతోందన్నమాట. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

తన భవిష్యత్తు తన చేతుల్లో ఉందా లేదా అన్న ఈ ఆలోచనకు మనస్తత్వ శాస్త్రంలో రూపమిచ్చిన వ్యక్తి జూలియన్ రాటర్. జరిగేది తన ప్రయత్నం వల్లేనని నమ్మేవారు ఒకవైపు, అదృష్టం వల్లో పెద్దల దయ వల్లో అని నమ్మేవారు మరోవైపు. ఈ తేడాను కొలిచే ప్రశ్నావళిని ఆయన కూడా 1966లోనే ప్రచురించారు. 1973లో స్టీఫెన్ నోవికీ, బానీ స్ట్రిక్‌లాండ్ పిల్లల కోసం నలభై ప్రశ్నల జాబితా తయారుచేశారు. అందులో మార్కుల గురించే కాదు, స్నేహాల గురించీ అడిగారు. నీ ఈడు పిల్లలెవరైనా నీతో శత్రుత్వం పెట్టుకోవాలనుకుంటే నువ్వు చేయగలిగింది చాలా తక్కువని అనిపిస్తుందా? పదమూడేళ్ల పిల్లవాడికి బతుకంటే చాలావరకు ఇదే కదా.

అయితే ఈ కొలత చేతికందగానే ఒక ప్రమాదమూ వచ్చింది. ‘అంతా తలరాత’ అనే పిల్లవాడిలోనే లోపముందని, వాడి ఆలోచన మారిస్తే చాలని చాలామంది అనుకున్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త ప్యాట్రీషియా గురిన్ బృందం 1969లోనే దీన్ని ప్రశ్నించింది. నల్లజాతి విద్యార్థులను పరిశీలించి, ‘నేను చేయగలను’ అన్న నమ్మకం వేరు, ‘లోకంలో ఎవరి ఫలితానికి వారే కారణం’ అన్న నమ్మకం వేరు అని చూపింది. వివక్షను వివక్షగా గుర్తించినంత మాత్రాన ఆ విద్యార్థులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పైగా కలిసి పోరాడటానికి ముందుకొచ్చింది అలాంటివారే.

1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో తెల్ల, నల్లజాతి, మెక్సికన్ మూలాలున్న పిల్లలను ఒకే బడుల్లో చేర్చారు. కొద్ది వారాలకే కొట్లాటలు మొదలయ్యాయి. బడి అధికారులు మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్‌ను పిలిపించారు. తరగతిలో కూర్చుని చూస్తే ఆయనకు అసలు సంగతి అర్థమైంది. టీచర్ ప్రశ్న వేయగానే చేతులు లేస్తాయి, ఒకరికి అవకాశం దక్కితే మిగతావారి ముఖాలు వాడిపోతాయి. పక్కవాడు తప్పు చెబితేనే తనకు వంతు. అందుకే ఆయన పిల్లలను ఐదారుగురి జట్లుగా విడదీసి, పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. తన ముక్క తాను చెప్పకపోతే జట్టులో ఎవరికీ పాఠం పూర్తికాదు. ఇంగ్లీషు తడబడే మెక్సికన్ కుర్రాడిని మొదట్లో వెక్కిరించినవారే, పరీక్షలో ఆ ముక్క మీదా ప్రశ్నలుంటాయని గుర్తొచ్చాక ఓపిగ్గా అడిగి చెప్పించుకోవడం నేర్చుకున్నారు. ‘నీమీద నువ్వు నమ్మకం పెంచుకో’ అని ఆ కుర్రాడికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. తోటివారికి అతని అవసరం పడేలా గదిని మార్చారు, అంతే.

తర్వాతి కాలపు గట్టి పరిశోధన లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. యానా యువోనెన్, అడ్రియెన్ నిషీనా, శాండ్రా గ్రాహం 2006లో ప్రచురించిన అధ్యయనంలో 11 బడుల్లోని 99 తరగతి గదులను పరిశీలించారు. జాతుల కలయిక ఎక్కువగా ఉన్నచోట నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు తమకు భద్రత ఉందన్నారు. వేధింపులు, ఒంటరితనం తక్కువన్నారు. ఏ ఒక్క వర్గానిదీ పైచేయి కానప్పుడు బలం పంచుకోక తప్పదన్నది వారి వివరణ.

2009లో అదే బృందం ఇంకాస్త లోతుకు వెళ్లింది. తన వర్గమే ఎక్కువగా ఉన్న తరగతిలో వేధింపులకు గురైన పిల్లవాడు ‘తప్పు నాలోనే ఉంది’ అనుకునే అవకాశం ఎక్కువ. అందరూ తనవాళ్లే అయినప్పుడు ఇంకెవరిని అనాలి? రకరకాల పిల్లలున్న గదిలోనైతే నింద మోపడానికి వేరే కారణాలూ దొరుకుతాయి, మనసు అంతగా కుంగదు. అన్నిటికీ తానే కారణమనుకోవడం పిల్లలకు ప్రతిసారీ మేలు చేయదని దీన్నిబట్టి తెలుస్తోంది. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీ బడుల్లో పిల్లలను చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులు, ‘నువ్వు సరిగ్గా ఉంటే వాళ్లెందుకు ఏడిపిస్తారు?’ అనే ముందు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలని నా విన్నపం.

2018లో యువోనెన్, గ్రాహం బృందం కాలిఫోర్నియాలోని 26 బడుల మీద మరో పత్రం ప్రచురించింది. బడి మొత్తంలో ఎన్ని జాతుల పిల్లలున్నారన్న లెక్క ఒక్కటే సరిపోదని అందులో తేలింది. ఉన్నత స్థాయి గణితం ఒకరికి, మామూలు గణితం మరొకరికి అంటూ సామర్థ్యాన్ని బట్టి విడదీసే పద్ధతిలో, ఒకే గేటులోంచి లోపలికి వచ్చిన పిల్లలు రోజంతా వేర్వేరు గదుల్లో గడిపేస్తున్నారు.