ఈ రక్తం ఎప్పుడు తీశారు?

బ్రాడీపేట, గుంటూరు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ఈ వేసవిలో మా వీధి పిల్లలు ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు మా ఇంటికి వచ్చారు. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న. ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. మళ్ళీ విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి వెళ్ళాలా, బయోమెడికల్ సైన్స్ లాంటి డిగ్రీలో చేరాలా? ఒకమ్మాయితో వాళ్ళ నాన్నగారు కూడా వచ్చారు. "అది డాక్టర్ సీటు రానివాళ్ళు చదివేది కదా మేడమ్?" అని అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఆ క్షణంలో సరైన జవాబు నోటికి రాలేదు. రాత్రి పడుకున్నాక వచ్చింది. అదే మీకందరికీ రాస్తున్నాను.

పాఠాలు చెప్పడం మొదలుపెట్టకముందు నేను ఒక ఆసుపత్రి ల్యాబులో కొన్నాళ్ళు పనిచేశాను. ఒక మే నెల మధ్యాహ్నం ఒక పల్లె నుంచి పెద్దాయన రక్తం సీసా వచ్చింది. పరగడుపు షుగర్ చూడాలి. చూశాను, 94 వచ్చింది. నార్మల్ అని రాసి సంతకం పెట్టబోతుంటే మా సీనియర్ గారు సీసా చేతిలోకి తీసుకుని, "ఈ రక్తం ఎప్పుడు తీశారమ్మా?" అని అడిగారు. కనుక్కుంటే, పొద్దున ఎనిమిదింటికి మామూలు సీసాలోకి తీశారట. బస్సులో ఎండనపడి మా దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

శరీరం నుంచి బయటికి వచ్చినంత మాత్రాన రక్తకణాలు చచ్చిపోవు. సీసాలో కూర్చుని, అందులో ఉన్న గ్లూకోజ్‌ని తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలోనే గంటకి 5 నుంచి 7 శాతం దాకా షుగర్ తగ్గిపోతుంది. అలా తగ్గకుండా ఉండాలనే షుగర్ పరీక్ష సీసాలో ఫ్లోరైడ్ వేస్తారు. గ్లూకోజ్‌ని విరగ్గొట్టే పనిలో ఒక ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. మర్నాడు పెద్దాయన్ని పిలిపించి సరైన సీసాలో తీస్తే 136 వచ్చింది. నా మెషీన్ తప్పు చూపించలేదు, నా లెక్కా తప్పు కాదు. అయినా నా రిపోర్టు నమ్మి ఉంటే మందు సరిపోతోందని డాక్టర్ గారు అనుకునేవారు. ఆ రోజు చేతులు వణికాయి నాకు.

అంకె వచ్చాక, అది ఎందుకు అలా వచ్చిందని అడగడం నేర్పే చదువే బయోమెడికల్ సైన్స్. రోగి ముందు కూర్చుని వైద్యం చేసేది డాక్టర్. ఆ వైద్యం వెనుక, జబ్బు ఎలా పుడుతుంది, మందు కణంలో ఎక్కడ పనిచేస్తుంది, పరీక్ష ఎంతవరకు నిజం చెబుతుంది అన్నవి తేల్చేవాళ్ళు వేరే ఉన్నారు. ఒకరు లేకపోతే ఇంకొకరి పని సాగదు. సీటు రానివాళ్ళ చదువని దాన్ని పిలవడం నాకు బాధగా ఉంటుంది.

డిగ్రీలో ఏముంటుందో త్వరగా చెప్పేస్తాను. కణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, బయోకెమిస్ట్రీ, జన్యుశాస్త్రం, మైక్రోబయాలజీ, ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి), ఫార్మకాలజీ (మందులు పనిచేసే తీరు), కొంచెం పాథాలజీ (జబ్బుల శాస్త్రం), కొంచెం స్టాటిస్టిక్స్. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో బయోమెడికల్ సైన్స్ అనే పేరుతోనే ఆనర్స్ ఉంది. మన వైపు ఎక్కువగా బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఎమ్మెల్టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) అన్న పేర్లతో ఇవే సబ్జెక్టులు దొరుకుతాయి. పేరు చూసి చేరకండి. సిలబస్ తెప్పించుకుని, ప్రాక్టికల్స్ వారానికి ఎన్ని గంటలో చూడండి. వీలైతే ల్యాబులోకి వెళ్ళి, మైక్రోస్కోపుల మీద దుమ్ముందో లేదో కూడా చూడండి.

ఇక నాకు ఇష్టమైన సంగతికి వస్తాను. మన ఊళ్ళో పుట్టినవాళ్ళకు మిర్చి యార్డు వైపు వెళ్తే పొలమారడం, తుమ్ములు, కళ్ళవెంట నీళ్ళు కొత్త కాదు. మిరపకాయ ఎందుకు మండుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? నిప్పు తగిలితే చెయ్యి మండిందంటాం, కారం తింటే నోరు మండిందంటాం. రెంటికీ ఒకే మాట వాడతాం. ఆ మాటలో ఎంత నిజం ఉందో 1997లో తేలింది. అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం, నొప్పిని తెలిపే నాడీకణాల్లో పనిచేసే జన్యువుల ముక్కల్ని లక్షల్లో తీసుకుని, కారం అంటే ఏమిటో తెలియని మామూలు కణాల్లోకి ఎక్కించింది. తర్వాత మిరపలోని క్యాప్సైసిన్‌ని తగిలించి, ఏ కణం స్పందిస్తుందా అని వెతికింది. కాల్షియం లోపలికి రాగానే మెరిసే రంగు ఒకటి వాడారు. చివరికి ఒక్క జన్యువు దొరికింది. అది తయారుచేసే ప్రోటీన్ కణం పొరలో తలుపులాంటిది. క్యాప్సైసిన్ తగిలితే ఆ తలుపు తెరుచుకుంటుంది. 43 డిగ్రీల చుట్టుపక్కల వేడి తగిలినా అదే తలుపు తెరుచుకుంటుంది. అందుకే మెదడుకు రెండూ ఒకటే మంట. ఈ పనికి 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

చిలక మిరపపండు ఎంత ఇష్టంగా తింటుందో మీరు చూసే ఉంటారు. పక్షుల్లోనూ ఆ తలుపుంది, వేడికి తెరుచుకుంటుంది కూడా, కానీ క్యాప్సైసిన్‌కి మాత్రం కదలదు. కారం తగిలినప్పుడు మంచినీళ్ళు తాగితే తగ్గదు, పెరుగన్నం తింటే తగ్గుతుంది. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మన అమ్మమ్మలకు పెరుగు సంగతి తెలుసు, తలుపు సంగతి తెలియదు. ఆ తలుపు తెలిశాక దానికి తాళం వేసే మందులు, నొప్పి తగ్గించే కొత్త దారులు వెతకడం మొదలైంది. వంటింట్లో రోజూ కనిపించే దాన్ని పట్టుకుని అంత దూరం వెళ్ళొచ్చని మీకు తెలియాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు పాఠాల్లో విని ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన్ని గొప్పవాడని చెప్పి ఊరుకుంటారు కానీ, ఏం చేశారో వివరించేవాళ్ళు తక్కువ. నేను చదువుకునే రోజుల్లో ల్యాబులో భాస్వరం కొలిచే పరీక్ష ఉండేది. ద్రావణంలో మాలిబ్డేట్ కలిపితే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఆ పరీక్ష పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఇంగ్లీషు పుస్తకంలో మన పేరు చూసి ఆ పేజీ నాలుగైదుసార్లు చదివాను. 1925లో ఫిస్కే, సుబ్బారావు గార్లు ఇద్దరూ కలిసి ఆ పద్ధతిని ప్రచురించారు. కండరం నుంచి తీసిన ద్రవంలో పరీక్ష చేస్తే నీలం రావలసినంత వేగంగా రాలేదు, మెల్లగా వచ్చింది. రసాయనం పాడైందేమో అని పారబోయవచ్చు. వాళ్ళు ఆగి, ఎందుకు మెల్లగా వస్తోందని వెతికారు. కండరంలో భాస్వరాన్ని పట్టుకుని మెల్లగా వదిలే పదార్థం ఒకటుందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. ఇంకో రెండేళ్ళకు ఏటీపీ, అంటే కణాలకు శక్తినిచ్చే పదార్థం. మీరు ఈ ఉత్తరం చదవడానికి కళ్ళు కదిపే శక్తి కూడా దాన్నుంచే వస్తోంది.

బైపీసీ పిల్లల్లో చాలామంది లెక్కలు తప్పించుకోడానికే ఈ గ్రూపు తీసుకుంటారు. ఈ చదువులో లెక్కలు తప్పవు. మైక్రోలీటర్లలో కొలవాలి, పదింతలు, వందింతలు పలచన చెయ్యాలి, రెండు గుంపుల మధ్య తేడా నిజమైనదో యాదృచ్ఛికమో తేల్చాలి. భయపడకండి, ఎనిమిదో తరగతి నిష్పత్తులు గట్టిగా వస్తే మొదటి సంవత్సరం గడుస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు ఇంకో మాట. ఏ ప్రయోగమైనా ముందు తెలుగులో ఇంట్లోవాళ్ళకు వివరించండి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు వచ్చినట్టే, ఇంగ్లీషు దాని మీద మెల్లగా ఎక్కుతుంది. నా దగ్గర బాగా చదివిన పిల్లల్లో సగం మంది అలా పైకి వచ్చినవాళ్ళే.

మీకు అబద్ధం చెప్పను. ఈ డిగ్రీతో మీరు మందులు రాయలేరు. డిగ్రీ ఒక్కదానితో వచ్చే ఉద్యోగాలకు జీతాలు తక్కువ. ఆసుపత్రి ల్యాబులో వెంటనే పని కావాలనుకుంటే ఎమ్మెల్టీ దగ్గరి దారి. పరిశోధన కావాలంటే ఎమ్మెస్సీ, ఆ పైన పీహెచ్‌డీ, అంటే ఏళ్ళు పడుతుంది. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, గ్యాట్-బి, సీయూఈటీ పీజీ పరీక్షలున్నాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), జాతీయ పోషకాహార సంస్థ మనకు దగ్గరే. డిగ్రీలో ఉండగానే దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు అప్లై చెయ్యండి, రెండు నెలలు నిజమైన పరిశోధన ల్యాబులో ఉండొచ్చు. ఇంగ్లండ్ వెళ్ళి చదవాలనుకునేవాళ్ళు అక్కడి ఐబీఎంఎస్ (బయోమెడికల్ సైన్స్ వృత్తి సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సా కాదా అని ఫీజు కట్టకముందే చూసుకోండి. అక్కడ రిజిస్ట్రేషన్ లేకుండా బయోమెడికల్ సైంటిస్ట్ అని పేరు పెట్టుకోడానికి వీల్లేదు. ఇంట్లో అప్పు చేసి చదివించే పరిస్థితైతే ఇవన్నీ అమ్మానాన్నలతో ముందే మాట్లాడుకోండి. వాళ్ళ టెన్షన్ కూడా న్యాయమైనదే.

విజయవాడకు ఉత్తరాన తిరువూరు దారిలో ఎ.కొండూరు తండాలున్నాయి. అక్కడ ఎందరో కిడ్నీ జబ్బుతో ఉన్నారు. శ్రీకాకుళం ఉద్దానంలో ఇంకా ఎక్కువ. షుగర్ లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పోతున్నవాళ్ళు ఉద్దానంలో చాలామంది. కారణం ఇదీ అని ఈనాటికీ ఎవరూ ఖాయంగా చెప్పలేదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగేసరికే కిడ్నీల శక్తి సుమారు సగం పోయి ఉంటుంది. అంతకంటే ముందే పట్టుకునే గుర్తు కావాలి. నీళ్ళు, మట్టి, పొలం మందులు, ఎండలో పని, జన్యువులు, అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు కావాలి. డయాలిసిస్ బెడ్ దగ్గర డాక్టర్ చెయ్యగలిగింది చేస్తున్నారు. ఆ బెడ్ దాకా మనిషి రాకుండా చూసే పని మీలో ఎవరైనా చెయ్యాలని నా ఆశ.

ఈసారి ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్ష ఉంటే తోడు వెళ్ళండి. సీసాల మూతలు చూడండి. ఊదా మూత, బూడిద రంగు మూత, లేత నీలం మూత, ఎర్ర మూత. ఒకే చేతి రక్తం నాలుగు సీసాల్లోకి ఎందుకు వెళ్తుందో అక్కడి టెక్నీషియన్‌ని అడగండి. వాళ్ళకు తీరిక లేకపోతే మీరే వెతికి, దొరికింది నాకు రాయండి. తప్పులున్నా పర్వాలేదు, దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
మీ మామ్మ