మైకు మీద అపోహలు, అసలు సంగతులు

అపోహ: కండెన్సర్ మైకు గదిలో చప్పుళ్లన్నీ లాగేస్తుంది, డైనమిక్ లాగదు.

ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది ఇదే. డైనమిక్‌లో పలుచని పొరకు అతికించిన తీగచుట్ట అయస్కాంతం దగ్గర కదిలి కరెంటు పుట్టిస్తుంది. కండెన్సర్‌లో పొరకూ, వెనకున్న లోహపు పలకకూ మధ్య ఖాళీ మారుతూ సిగ్నల్ ఇస్తుంది. కండెన్సర్ సిగ్నల్ బలంగా ఉంటుంది, ట్రెబుల్ స్పష్టంగా పడుతుంది. అంతవరకు నిజమే. కానీ ఫ్యాన్ చప్పుడును ప్రత్యేకంగా వెతికి పట్టుకునే గుణమేదీ దానికి లేదు. రెండూ కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకులే తీసుకుని, ఒకే దూరంలో పెట్టి, గొంతు లెవెల్ సమానం చేసి వినండి. ఫ్యాన్ రెండింట్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. డైనమిక్‌ను నోటికి నాలుగంగుళాల్లో పెట్టుకుని, కండెన్సర్‌కు అడుగున్నర దూరంలో కూర్చుంటాం. తేడా అంతా అక్కడే వస్తోంది. దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం ఉన్నంతే ఉంటుంది. మరీ ఆనించుకుంటే బేస్ పెరిగి మాట బరువెక్కుతుంది, అది చూసుకోవాలి.

అపోహ: డైనమిక్ పాతకాలం సరుకు, కండెన్సర్ కొత్తది, ఖరీదైనది.

వరస తిరగబడింది. కండెన్సర్‌ను ఇ.సి. వెంటే అనే ఇంజినీర్ 1916లోనే తయారుచేశారు. వాడకానికి పనికొచ్చే డైనమిక్ వచ్చింది 1931లో, అదీ థురాస్‌తో కలిసి ఆయన చేసిందే. ఇక ఖరీదంటారా, 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సెస్లర్, వెస్ట్ అనే ఇద్దరు చార్జ్‌ను శాశ్వతంగా నిలుపుకునే పలుచని ప్లాస్టిక్ పొరతో ఎలెక్ట్రెట్ మైకు చేశారు. అదీ కండెన్సరే. చవక ఇయర్‌ఫోన్ వైరు మీద ఉండే మైకు ఈ జాతిదే.

అపోహ: మైకు తలను గుప్పిట్లో పట్టుకుంటే గొంతు బాగా వస్తుంది.

స్టేజి మీద, సౌండ్ చూసుకునే నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. కార్డియాయిడ్ మైకులో పొర వెనకవైపు కూడా సందులుంటాయి. వెనకనుంచి వచ్చే శబ్దం పొరకు రెండు పక్కలా ఒకేసారి చేరి రద్దైపోతుంది. ఒకే క్యాప్సూల్‌తో (శబ్దాన్ని పట్టే భాగం) ఈ పని సాధించింది బెంజమిన్ బావర్, 1939లో వచ్చిన షూర్ కంపెనీ యూనిడైన్ మైకుతో. గ్రిల్ మూశారో, ఆ సందులు మూసుకుపోయి మైకు అన్నివైపులా వినడం మొదలుపెడుతుంది. ఎదుటి మానిటర్ (పాడేవాళ్లకు వినిపించే స్పీకర్) శబ్దం లోపలికి వెళ్లి కూత పెడుతుంది. అప్పుడు సభంతా తిరిగి చూసేది మా వైపే!

అపోహ: మైకు పనిచేస్తోందో లేదో ఊది చూడాలి.

మాట్లాడి చూడండి, చాలు. రిబ్బన్ మైకు అని ఇంకో రకం ఉంది, అందులో పొరగా పనిచేసే అల్యూమినియం రేకు వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పలుచన. ఒక్క ఊదుతో సాగిపోవచ్చు.

అపోహ: ఫాంటమ్ పవర్ ఆన్‌లో ఉంటే డైనమిక్ కాలిపోతుంది.

కాలదు. ఫాంటమ్ అంటే కండెన్సర్ మైకు కోసం మిక్సర్ కేబుల్ గుండానే పంపే కరెంటు. ఆ 48 వోల్టులు కేబుల్‌లో సిగ్నల్ మోసే 2, 3 పిన్నుల మీద సమానంగా వెళ్తాయి కాబట్టి తీగచుట్ట గుండా కరెంటు పారదు. కేబుల్ తప్పుగా టంకం పెట్టి ఉంటేనే చిక్కు, అందులోనూ పాత రిబ్బన్ మైకులకు. ఏ మైకైనా సరే, ఫాంటమ్ వేసే ముందు, తీసే ముందు ఆ ఛానల్ మ్యూట్ చేయండి. లేకపోతే స్పీకర్లలో ఠప్పుమంటుంది.