ప్యాంటు సైజు నడుము కొలత కాదు: పొట్ట కొవ్వు, గుండె జబ్బు - అపోహలు, వాస్తవాలు

అపోహ: "నేను 65 కిలోలే. గుండె జబ్బు లావుపాటి వాళ్లకొచ్చేది."

వాస్తవం: కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం కుండలా ముందుకొచ్చినవాళ్లు నెల్లూరు ట్రంకు రోడ్డులో ఎంతమందైనా కనిపిస్తారు. చేటు చేసేది ఆ పొట్టే. రెండు వేళ్లకు చిక్కే కొవ్వు చర్మం కిందిది, దానితో భయం తక్కువ. పేగుల చుట్టూ పేరుకునే లోపలి కొవ్వు సంగతి వేరు. అందులోంచి కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి పోతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా చేసి రక్తంలోకి వదులుతుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, ఇన్సులిన్ పట్టు తప్పుతుంది, బీపీ పెరుగుతుంది. ఆ కొవ్వు వాపు పుట్టించే రసాయనాలనూ వదులుతుంది గనక రక్తనాళాల లోపొర దెబ్బతిని పూడికలు మొదలవుతాయి.

అపోహ: "నా ప్యాంటు 34, ఇంకేం భయం?"

వాస్తవం: ప్యాంటైనా లుంగీ అయినా మనం కట్టేది బొజ్జ కింద. దర్జీ టేపు తీసుకోండి. చొక్కా విప్పి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి, పొట్ట బిగబట్టొద్దు. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు, ఆడవాళ్లకు 80, అంటే 31న్నర. అది దాటితే షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి.

పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్టే కరుగుతుందన్నది కూడా అపోహే. కండ గట్టిపడుతుంది, అంతే. చెమట పట్టించే బెల్టులతో పోయేది నీరు.

అపోహ: "మూడు నెలలు నడిచా, కాటా కదల్లేదు. దండగ."

వాస్తవం: బరువు తగ్గకపోయినా లోపలి కొవ్వు తగ్గొచ్చు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు దిగొచ్చు. అందుకే కాటా కన్నా టేపును నమ్మండి. వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు 30 చొప్పున 5 రోజులు. నిమిషానికి దాదాపు 100 అడుగులు పడాలి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చెరువు కట్ట మీద కబుర్లాడుతూ తిరగడం మనసుకు మంచిదే గానీ, ఈ లెక్కలోకి రాదు. అరగంట నడకకు ఖర్చయ్యేది 150 కేలరీల లోపే, తిరిగొస్తూ ఒక్క నెయ్యి కారం దోసె తింటే సరి, లెక్క మొదటికే. వారంలో 2 రోజులు కండరాలకూ పని పెట్టండి: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా 10 సార్లు లేచి కూర్చోవడం, గోడను నెడుతూ 10 సార్లు దండీలు. రోహిణి కార్తెలో నడక తెల్లారేలోపే ముగించాలి.

అపోహ: "స్టెంటు పడింది, ఇక కదలకూడదు."

వాస్తవం: డాక్టరు సరేనన్నాక 5, 10 నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్లకు నాడి అంతగా పెరగదు. వాళ్లు వాచీలో అంకెను కాదు, ఆయాసాన్ని చూసుకోవాలి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టుండి, ఎడమ చేతికో దవడకో పాకితే, చల్లటి చెమటలు పడితే, గ్యాసేలెమ్మని సోడా తాగి కూర్చోవద్దు. ఉన్నచోటే ఆగి 108కి ఫోన్ చేయండి.