చిన్న విమానం, పెట్రోల్, ఇంజన్: అపోహలు - వాస్తవాలు

వరంగల్ దగ్గర మామునూరు ఎయిర్‌పోర్ట్ మళ్లీ వస్తోందని వార్తలు మొదలైనప్పటి నుంచి హనుమకొండలో ఏ పెళ్లికి పోయినా నన్ను పట్టుకుని విమానాల గురించి ఇవే అడుగుతున్నారు. నేను నేర్పేది చిన్న విమానాలు నడపడం, కాబట్టి వాటి సంగతే రాస్తున్నా.

అపోహ: ఇంజన్ ఆగితే కింద పడిపోతుంది.

పడదు, జారుతూ దిగుతుంది. సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం నేల నుంచి ఐదు వేల అడుగుల ఎత్తులో ఉండగా ఇంజన్ ఆగితే, గాలి అడ్డం లేకుంటే సుమారు 13 కిలోమీటర్లు జారగలదు, అంటే మామునూరు మీద ఆగినా హనుమకొండ దాకా రావచ్చు. ఎప్పుడు పడుతుందంటే, ఎత్తు తగ్గిపోతోందని టెన్షన్‌లో ముక్కు పైకి లాగి స్పీడ్ పోగొట్టుకున్నప్పుడు. ముందు స్పీడ్, తర్వాత దిగే చోటు, ఆ తర్వాతే ఇంజన్ ఎందుకు ఆగిందన్న ఆరా. మన దగ్గర కోసిన పొలం పైనుంచి చదునుగా కనిపిస్తుంది కానీ గట్లు కిందికి వచ్చాకే తెలుస్తాయి, అందుకే గట్ల వెంట దిగాలి, అడ్డంగా కాదు. రామగుండం వైపైతే కరెంటు తీగలు కూడా చూసుకోవాలి.

అపోహ: ట్యాంకులో పెట్రోల్ ఉంటే ఇంజన్ ఆగదు.

నన్నడిగితే అన్నిట్లోకీ ప్రమాదమైన నమ్మకం ఇదే. పెట్రోల్ ఉండటం వేరు, ఇంజన్‌కి అందటం వేరు. సెస్నా 172లో రెండు రెక్కల్లోని ట్యాంకులనూ కలిపి వాడుకునే సెలెక్టర్ (ట్యాంకు ఎంచుకునే మీట) ఉంటుంది, పైపర్ చెరోకీ అనే ఇంకో చిన్న విమానంలో అలా కలిపే వీలు లేదు, ఎడమదో కుడిదో ఒక్కటే. పాత బైకుల్లో రిజర్వ్‌కి తిప్పినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ ఆగాక తిప్పుదాంలే అంటే కుదరదు. మరిచిపోతే ఒక రెక్క నిండుగా ఉండగానే ఇంజన్ ఆగుతుంది. అందుకే నా స్టూడెంట్లు ట్యాంక్ మార్చిన ప్రతిసారీ టైం కాగితం మీద రాయాల్సిందే.

గేజ్ చూసుకుంటే చాలదా అంటారు. చాలదు. మూత తీసి, పుల్ల ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో కళ్లతో చూడాలి. ఆ తర్వాత లెక్క కిలోమీటర్లలో కాదు, గంటల్లో, ఎందుకంటే ఎదురుగాలి ఉంటే అదే దూరానికి ఎక్కువ సేపు పడుతుంది. అమెరికా నిబంధనల్లో పగలైతే గమ్యం చేరాక ఇంకో 30 నిమిషాలకు, రాత్రైతే 45 నిమిషాలకు సరిపడా మిగలాలని ఉంది. నాకైతే గంట లేకుంటే నిద్ర పట్టదు.

ఎగురుతుండగా బ్యాటరీ డౌన్ అయితే? దానివల్ల ఇంజన్ ఆగదు. ఈ ఇంజన్లలో చాలావాటికి స్పార్క్ ఇచ్చేది మాగ్నెటోలు (ఇంజన్ తిరుగుతుంటే సొంతంగా కరెంటు పుట్టించేవి), బ్యాటరీ కాదు.

అపోహ: ఎండల దేశంలో కార్బురేటర్‌లో మంచు ఎక్కడిది?

వానాకాలంలో రండి చూపిస్తా. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు లోపల చల్లబడిపోతుంది, గాలిలో తేమ ఉంటే బయట పాతిక డిగ్రీలున్నా మంచు కట్టొచ్చు, ముఖ్యంగా పవర్ తగ్గించి దిగేటప్పుడు. కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ నాబ్ ఉన్నది అందుకే.

అపోహ: ట్యాంకు అడుగు నుంచి గ్లాసులోకి తీసిన శాంపిల్ తేటగా ఉంటే పెట్రోల్ మంచిదే.

ఈ విమానాల్లో వాడే పెట్రోల్, ఏవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్, లేత నీలం రంగులో ఉంటుంది, నీళ్లుంటే బరువుకి అడుగున చేరి మధ్యలో గీత కనిపిస్తుంది. మరి గ్లాసు మొత్తం నీళ్లే వస్తే? గీత ఉండదు, చూడటానికి శుభ్రంగానే ఉంటుంది! అందుకే తెల్ల కాగితం ముందు పెట్టి రంగు చూడండి, వాసన చూడండి, ఒక చుక్క ఆ కాగితం మీదే వేయండి. ఏవ్‌గ్యాస్ ఆరిపోతుంది, కిరోసిన్ లాంటి జెట్ ఫ్యూయల్ కలిసి ఉంటే జిడ్డు మరక మిగులుతుంది. మరక కనిపిస్తే ఇంజన్ స్టార్ట్ చేయకుండా ట్యాంకు మొత్తం ఖాళీ చేయించండి, ఎవరు తొందరపెట్టినా సరే.