‘పాజిబుల్’ నుంచి ‘అవును’ దాకా: మోటార్ న్యూరాన్ వ్యాధి నిర్ధారణ నడిచొచ్చిన దారి

చేతిలో పట్టు తప్పుతోందనో, నడుస్తుంటే పాదం నేలకు తన్నుకుంటోందనో, మాట ముద్దముద్దగా వస్తోందనో మొదలైన తిరుగుడు చివరకు న్యూరాలజిస్ట్ దగ్గరికి చేరుతుంది. అక్కడ రాసిచ్చిన కాగితంలో చాలాసార్లు కనిపించేది ‘పాజిబుల్ ఏఎల్ఎస్’ అనో ‘ప్రాబబుల్ ఎంఎన్‌డి’ అనో ఒక్క ముక్క. ఎంఎన్‌డి అంటే మోటార్ న్యూరాన్ వ్యాధి, ఏఎల్ఎస్ అందులో ఎక్కువగా కనిపించే రకం. దాన్నే ఇంటిల్లిపాదీ పదేపదే చదువుకుంటారు. పాజిబుల్ అంటే కాకపోవచ్చనా? ప్రాబబుల్ అంటే సగానికి సగం ఆశ ఉన్నట్టా?

ఆ మాటలు అసలు రోగికి చెప్పడానికి పుట్టినవి కావు. కొత్త మందుల ప్రయోగాల్లో ఎవరిని చేర్చుకోవాలో తేల్చడానికి పరిశోధకులు తయారుచేసుకున్న కొలబద్దలోవి. అవి ప్రిస్క్రిప్షన్ మీదికి ఎలా వచ్చాయో తెలిస్తే, ఈ జబ్బును తేల్చడానికి అంత కాలం ఎందుకు పడుతుందో, ఆ కాలంలో ఏ పరీక్ష దేనికి అడగాలో కూడా తెలుస్తుంది.

కండరాన్ని కదిలించే ఆజ్ఞ రెండంచెల్లో ప్రయాణిస్తుంది. మెదడు పైపొరలో బయల్దేరి మెదడు కాండం దాకానో వెన్నుపాము దాకానో వచ్చేది అప్పర్ మోటార్ న్యూరాన్. అక్కడ ఆజ్ఞను అందుకుని కండరం దాకా మోసేది లోయర్ మోటార్ న్యూరాన్. పైది దెబ్బతింటే కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి, సుత్తితో తట్టినప్పుడు మోకాలు ఎక్కువగా ఎగురుతుంది, ఆపుకోలేని ఏడుపో నవ్వో రావచ్చు. కిందిది దెబ్బతింటే కండ కరిగిపోతుంది, బలం తగ్గుతుంది, చర్మం కింద అదురు పాకుతున్నట్టు కనిపిస్తుంది. ఒకే మనిషిలో ఈ రెండు రకాల లక్షణాలూ ఉండి, ఒక చోటి నుంచి మరో చోటికి పాకుతుంటే అది ఏఎల్ఎస్. చెడిపోయేవి మెదడులోనూ వెన్నుపాములోనూ ఉన్న కణాలు కాబట్టి ముక్క తీసి పరీక్షకు పంపే వీలు లేదు. మామూలు ఎంఆర్ఐలో అవి కనపడవు. చిక్కంతా ఇక్కడే ఉంది.

1850లో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా ఆరాన్ కండలు క్రమంగా కరిగిపోతున్న 11 మంది గురించి రాశాడు. అది కండరం జబ్బే అనుకున్నాడు. కండరాలకు కరెంటు పెట్టి పరీక్షించడంలో ఆరితేరిన డ్యుషెన్ కూడా అదే కాలంలో అదే జబ్బు మీద పనిచేశాడు. 1853లో క్రూవెయిలే ఒక రోగి శవపరీక్షలో వెన్నుపాము ముందువైపు నుంచి వచ్చే నరాల మూలాలు సన్నబడి ఉండటం చూశాక, తప్పు కండరంలో లేదని, నరంలో ఉందని తెలిసింది. ఆ తరవాత వచ్చినవాడు జాన్ మార్టిన్ షార్కో. పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఉండిపోయిన రోగులు ఆయన చేతి కింద వందల్లో ఉండేవారు. బతికున్నన్నాళ్లూ లక్షణాలు రాసుకునేవాడు, చనిపోయాక వెన్నుపామును పలచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టేవాడు. 1869లో తోటి వైద్యుడు జోఫ్రాయ్‌తో కలిసి తొలి వివరాలు ఇచ్చాడు. 1874లో ‘ఎమియోట్రోఫిక్ లాటరల్ స్క్లిరోసిస్’ అని పేరు పెట్టాడు. కండ ఎండిపోవడం, వెన్నుపాము పక్కభాగాలు గట్టిపడటం, రెండూ ఆ పేరులోనే ఉన్నాయి.

ఆ పద్ధతి గొప్పదే. కానీ అది ఒక బరువును కూడా మిగిల్చింది. ఖాయంగా తెలిసేది శవపరీక్షలోనే కాబట్టి, బతికున్న మనిషి విషయంలో ఏం చెప్పినా అది అనుమానమే అయింది. తరవాతి నూట యాభై ఏళ్ల ప్రయత్నమంతా ఆ అనుమానాన్ని వీలైనంత తగ్గించడానికి జరిగిందే.

మొదటి సాధనం చాలా చవకైనది. షార్కో శిష్యుడు బాబిన్స్కీ 1896లో అరికాలి అంచు వెంట గీస్తే బొటనవేలు పైకి లేవడం అప్పర్ మోటార్ న్యూరాన్ దెబ్బకు గుర్తని చూపాడు. ఈ రోజుకూ పై అంచె నష్టాన్ని పట్టేది ప్రధానంగా డాక్టర్ చేతులూ, సుత్తీ, ఆ గీతే. 1939 జూన్‌లో అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు లూ గెహ్రిగ్‌కు మేయో క్లినిక్‌లో ఈ జబ్బని చెప్పింది కూడా ముఖ్యంగా అలాంటి పరీక్షతోనే. అందుకే బట్టల మీంచి నాలుగు తట్లు తట్టి పంపేస్తే అది న్యూరాలజీ పరీక్ష కాదు. నాలుకను నోట్లోనే వదులుగా ఉంచి చూడాలి, ఎందుకంటే బయటికి చాపితే మామూలు నాలుక కూడా వణుకుతుంది. వీపు, తొడలు, భుజాలు కనపడేలా ఉంచి కొన్ని నిమిషాలు అదుర్ల కోసం గమనించాలి. బొటనవేలి వైపు కండ కరిగి చిటికెనవేలి వైపు కండ నిలిచి ఉందా అని అరచేతిని చూడాలి. కరిగిపోయిన కండలో రిఫ్లెక్స్ ఇంకా చురుగ్గా ఉంటే అది పెద్ద ఆధారం, ఎందుకంటే ఒకే చోట రెండు అంచెలూ చెడ్డాయన్న మాట.

కింది అంచెకు అసలైన సాధనం సూదితో వచ్చింది. 1929లో ఏడ్రియన్, బ్రాంక్ కండరంలోకి దింపి విద్యుత్ సంకేతాలు వినగల సూదిని తయారుచేశారు. 1938లో డెన్నీ బ్రౌన్, పెన్నీబేకర్ రెండు వేరువేరు సంగతులను విడదీశారు. నరం తెగిపోయి అనాథగా మిగిలిన ఒక్కొక్క కండర తంతువు తనంతట తాను కొట్టుకోవడం ఫిబ్రిలేషన్, అది కంటికి కనపడదు. ఒక న్యూరాన్ కింద ఉన్న తంతువులన్నీ ఒక్కసారిగా అదరడం ఫాసిక్యులేషన్, అది చర్మం కింద కనిపిస్తుంది. 1957లో మేయో క్లినిక్‌లో లాంబర్ట్ ఈఎంజీని, అంటే కండరాల విద్యుత్ పరీక్షను, ఏఎల్ఎస్ నిర్ధారణకు ఎలా వాడాలో క్రమం ఏర్పరచాడు. నేటి ఈఎంజీ ఆ పునాది మీదే నిలబడి ఉంది.

రోగి చేతికొచ్చే రిపోర్టులో తేడాలు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. పరీక్ష రెండు భాగాలు. మొదటిది నర్వ్ కండక్షన్, అంటే నరం సంకేతాన్ని ఎలా మోస్తోందో కొలవడం. ఏఎల్ఎస్‌లో స్పర్శ నరాలు మామూలుగానే ఉండాలి. అవి కూడా దెబ్బతిని ఉంటే వేరే జబ్బునో, తోడుగా షుగర్ వంటి ఇంకో కారణాన్నో వెతకాలి. మోటార్ నరాన్ని మణికట్టు దగ్గర ప్రేరేపించినప్పటి స్పందన, పైన చంక దగ్గరో మెడ కింద ఎర్బ్స్ పాయింట్ దగ్గరో ప్రేరేపిస్తే సగానికి పడిపోయిందంటే దారిలో ఎక్కడో కండక్షన్ బ్లాక్ ఉందని, అంటే సంకేతం మధ్యలో ఆగిపోతోందని అర్థం. చాలా చోట్ల మోచేతి దాకా చేసి ఆపేస్తారు. బ్లాక్ పైచేతిలో ఉంటే అది దొరకదు.

రెండోది సూది పరీక్ష. శరీరాన్ని నాలుగు ప్రాంతాలుగా చూస్తారు: ముఖం-నాలుక-గొంతు, చేతులు, మొండెం, కాళ్లు. చేతుల ప్రాంతంలోనూ కాళ్ల ప్రాంతంలోనూ వేరువేరు నరమూలాలు, వేరువేరు నరాలు నడిపే కనీసం రెండు కండరాల్లో మార్పు కనపడాలి. ముఖం ప్రాంతంలోనూ మొండెంలోనూ ఒక్క కండరం చాలు. వీపు నడిమి భాగంలో వెన్ను పక్క కండరాలను చూడటం మరీ ముఖ్యం. మెడ అరుగుదల, నడుము అరుగుదల చాలామందికి ఉంటాయి, చేతుల్లో కాళ్లలో కనిపించే మార్పులను వాటి మీదికి నెట్టేయవచ్చు. వీపు మధ్యలో అరుగుదల వల్ల నరాలు నొక్కుకోవడం అరుదు. అక్కడ కూడా నరం తెగిన గుర్తులుంటే అరుగుదల అన్న సంజాయిషీ నిలవదు. ఫాసిక్యులేషన్ల కోసం సూదిని కదపకుండా ఒక నిమిషానికి పైనే వినాలి, పది సెకన్లలో అవి దొరక్కపోవచ్చు. ఒక చెయ్యి మాత్రమే చేసి ‘నార్మల్ స్టడీ’ అని రాసిన రిపోర్టు ఈ జబ్బును తోసిపుచ్చదు, రుజువూ చేయదు.

ఇంత సాధనం చేతికొచ్చినా ఏది ఎంత ఉంటే ఏఎల్ఎస్ అనాలో ఒప్పందం లేదు. ఆ ఒప్పందం కోసమే 1990లో స్పెయిన్‌లోని ఎల్ ఎస్కోరియల్‌లో వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ న్యూరాలజీ తరఫున నిపుణులు కూర్చున్నారు. 1994లో ప్రమాణాలు అచ్చయ్యాయి. నాలుగు ప్రాంతాల్లో మూడింట రెండు అంచెల లక్షణాలూ ఉంటే ‘డెఫినిట్’. రెండింట ఉండి, పై అంచె లక్షణాల్లో కొన్నయినా కింది అంచె లక్షణాలకు పైభాగంలో ఉంటే ‘ప్రాబబుల్’. ఒకే ప్రాంతంలో రెండూ ఉంటే ‘పాజిబుల్’. కింది అంచె మాత్రమే చెడితే ‘సస్పెక్టెడ్’. 1995లో అమెరికాలో ఏఎల్ఎస్ మందు రిలూజోల్‌కు అనుమతి వచ్చిన కాలం అది. పరిశోధకులకు ఒకేలాంటి రోగుల గుంపు కావాలి, అందుకు ఈ మెట్లు బాగానే పనికొచ్చాయి.

అపకారం అవి వార్డులోకి వచ్చినప్పుడు జరిగింది. ఈ మెట్లు కొలిచింది జబ్బు ఎంతవరకు పాకిందన్న సంగతిని, డాక్టరుకు ఎంత నమ్మకం ఉందన్నది కాదు. ఒకే చోట మొదలైన ఏఎల్ఎస్ రోగి ‘పాజిబుల్’ మెట్టు మీదే ఉంటాడు, అతని జబ్బు మీద న్యూరాలజిస్ట్‌కు రవ్వంత అనుమానం లేకపోయినా సరే. కొందరు ఆ మెట్టు దాటకుండానే ఏఎల్ఎస్‌తోనే చనిపోయారని ఐర్లాండ్ రోగుల రిజిస్టర్ పరిశీలనలో తేలింది. ‘పాజిబుల్’ అన్న మాట పట్టుకుని ఆశపడిన కుటుంబానికి దీన్ని ఎవరైనా విడమరచి చెప్పి ఉండాల్సింది.

సవరణలు వచ్చాయి. 1998లో అమెరికాలోని ఎయిర్లీ హౌస్‌లో జరిగిన సమావేశం ‘సస్పెక్టెడ్’ను తీసేసి, ఈఎంజీ సాయంతో ప్రాబబుల్ అనే మెట్టును చేర్చింది. 2006లో జపాన్‌లోని అవాజీలో ఇంకో అడుగు పడింది. ఒక న్యూరాన్ పోతే పక్కది కొమ్మలు చాచి దాని తంతువులను దత్తత తీసుకుంటుంది. అందుకే తొలినాళ్లలో ఫిబ్రిలేషన్లు తక్కువగా, దత్తత వల్ల లావెక్కిన సంకేతాలు ఎక్కువగా కనిపిస్తాయి. అలాంటి కండరంలో ఫాసిక్యులేషన్ ఉన్నా నరం తెగుతున్నట్టే లెక్కించవచ్చని, ఈఎంజీలో దొరికిన గుర్తుకు చేత్తో పరీక్షించి పట్టిన గుర్తుతో సమాన విలువ ఇవ్వాలని అవాజీలో ఒప్పుకున్నారు. 2019లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో మెట్లన్నీ తీసేశారు. ముందు మామూలుగా ఉన్న మనిషికి బలం క్రమంగా తగ్గుతూ ఉండాలి. ఒక ప్రాంతంలో రెండు అంచెలూ, లేదా రెండు ప్రాంతాల్లో కింది అంచె చెడి ఉండాలి. పరీక్షలు ఇతర జబ్బులను తోసిపుచ్చి ఉండాలి. మూడూ ఉంటే ఏఎల్ఎస్, లేకపోతే కాదు. ఈనాటి కాగితం మీద పాత మెట్లే కనపడితే ‘గోల్డ్ కోస్ట్ ప్రకారం ఏమవుతుంది?’ అని అడగడం రోగి హక్కు.

‘ఇతర జబ్బులను తోసిపుచ్చడం’ అన్న ముక్క తేలికగా వదిలేసేది కాదు. 1996లో స్కాట్లండ్, 2000లో ఐర్లాండ్ రిజిస్టర్లు చూసినప్పుడు, మోటార్ న్యూరాన్ వ్యాధి అని రాసుకున్న వందమందిలో ఏడెనిమిది మందికి అసలు జబ్బు వేరని తేలింది. వాటిలో కొన్నింటికి చికిత్స ఉంది. 1988లో వెలుగులోకి వచ్చిన మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి వాటిలో ముఖ్యమైంది. ఒక చెయ్యి మెల్లగా బలహీనపడుతుంది, స్పర్శ బాగుంటుంది, పై అంచె లక్షణాలుండవు. పైన చెప్పిన కండక్షన్ బ్లాక్ దాని ముద్ర. కొందరి రక్తంలో జీఎం1 అనే నరాల కొవ్వు పదార్థానికి వ్యతిరేక యాంటీబాడీలుంటాయి. శరీర బరువులో కిలోకు 2 గ్రాముల చొప్పున ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను) కొన్ని రోజులుగా విభజించి నరంలోకి ఎక్కిస్తే చాలామందికి బలం తిరిగొస్తుంది. చేతి పైదాకా ఆ బ్లాక్‌ను వెతక్కుండా ఎంఎన్‌డి అనేయడం క్షమించరానిది.

కెన్నెడీ వ్యాధి మరొకటి. 1968లో వర్ణించారు, 1991లో కారణమైన జన్యువు దొరికింది. మగవాళ్లకు వస్తుంది, గడ్డం చుట్టూ అదుర్లు, రొమ్ము పెరగడం, స్పర్శ నరాల స్పందన తగ్గడం దీని గుర్తులు, ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. రక్తంతో చేసే జన్యు పరీక్ష దీన్ని కచ్చితంగా తేలుస్తుంది. హిరాయామా వ్యాధి యువకుల్లో ఒక చేతిని పట్టుకుని కొన్నేళ్లు పెరిగి ఆగిపోతుంది, మెడ వంచి తీసిన ఎంఆర్ఐలోనే బయటపడుతుంది. ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అనే కండరాల జబ్బులో పిడికిలి బిగించే వేళ్లూ తొడ ముందు కండరాలూ పోతాయి. మెడలో వెన్నుపాము నొక్కుకుంటే చేతుల్లో కింది అంచె, కాళ్లలో పై అంచె లక్షణాలు కలిసొచ్చి అచ్చం ఏఎల్ఎస్‌లా ఉంటుంది. దీనికి తలకిందులు పొరపాటు కూడా తరచూ జరుగుతుంది: ఎంఆర్ఐలో కనిపించిన అరుగుదలను తప్పుపట్టి మెడకో నడుముకో ఆపరేషన్ చేస్తారు, బలం తగ్గడం ఆగదు. నెలలు పోతాయి. తొలి లక్షణం నుంచి నిర్ధారణ దాకా చాలా దేశాల్లో దాదాపు ఏడాది పడుతుందంటే ఇలాంటి మలుపులు ఒక ప్రధాన కారణం. తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం ముందే మొదలైతే వెన్నుపాము వైపు చూడాలి.

వీటి కోసమే తొలి జాబితాలో మెదడుకూ వెన్నుపాము మొత్తానికీ ఎంఆర్ఐ, రక్తంలో సీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), థైరాయిడ్, కాల్షియం, బీ12, రాగి, ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూడటం), హెచ్ఐవీ ఉంటాయి. సీకే కొన్ని రెట్లు పెరగడం ఏఎల్ఎస్‌లోనూ మామూలే. అదొక్కటే చూసి కండరం జబ్బు అనుకోకూడదు.

ఇంకో రకం భయం కూడా ఉంది. పిక్కలోనో కనురెప్పలోనో అదురు వస్తే ఎంఎన్‌డి అని నిద్ర పోగొట్టుకునేవారు చాలామంది. మేయో క్లినిక్‌లో నిరపాయ ఫాసిక్యులేషన్లున్న 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల పాటు గమనించి 1993లో ప్రచురించారు. ఒక్కరికీ మోటార్ న్యూరాన్ వ్యాధి రాలేదు. బలం తగ్గకుండా, కండ కరగకుండా, ఈఎంజీ బాగుంటే అదురు ఒక్కటే ఆ జబ్బుకు ఆధారం కాదు.

జన్యువుల దారి 1993లో ఎస్ఓడీ1 అనే జన్యువుతో తెరుచుకుంది, 2011లో సీ9ఓఆర్ఎఫ్72 దొరికింది. సుమారు పదో వంతు రోగులకే కుటుంబ చరిత్ర ఉంటుంది, కానీ చరిత్ర లేనివారిలోనూ ఈ జన్యుమార్పులు దొరుకుతాయి. 2023లో ఎస్ఓడీ1 మార్పున్నవారికి టోఫర్సెన్ అనే మందుకు అమెరికాలో వేగవంతపు అనుమతి వచ్చింది. దాంతో జన్యు పరీక్ష కుటుంబ సమాచారం కోసం మాత్రమే కాక చికిత్స కోసం కూడా అడగాల్సినదైంది. పరీక్షకు ముందు, పిల్లలకూ తోబుట్టువులకూ దాని అర్థమేమిటో జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడటం తప్పనిసరి.

ఆ అనుమతికి ఆధారమైన న్యూరోఫిలమెంట్ కొలతే ఇప్పుడు అందరూ అడుగుతున్న రక్తపరీక్ష. నరం తంతువు విరిగినప్పుడు దాని లోపలి ప్రోటీన్ వెన్ను ద్రవంలోకీ రక్తంలోకీ వస్తుంది. ఏఎల్ఎస్‌లో అది బాగా పెరుగుతుంది, ఏఎల్ఎస్‌లా కనిపించే నెమ్మదైన జబ్బుల్లో అంతగా పెరగదు. కానీ నరాలు వేగంగా దెబ్బతినే ఏ జబ్బులోనైనా పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది, నెమ్మదిగా సాగే ఏఎల్ఎస్‌లో తక్కువగానే ఉండిపోవచ్చు. కాబట్టి ఆ అంకె పక్కన వయసు ప్రకారం మామూలు పరిధి ఎంతో ల్యాబ్ రాసిందా అని చూడాలి.

మొదటిసారి తేలకపోతే మూడు నెలల అటూ ఇటూ మళ్లీ అదే న్యూరాలజిస్ట్ పరీక్షించి, ఈఎంజీ కూడా వీలైతే అదే చోట చేస్తే పాకుతోందా లేదా పోల్చడం సులువు. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఈఎంజీ సారాంశం ఒక్క పేజీ చాలదు, ఏ కండరంలో ఏం కనిపించిందో ఉన్న పట్టిక, ఏ నరాన్ని ఎక్కడ ప్రేరేపించారో ఉన్న అంకెలు, ఎంఆర్ఐ బొమ్మల సీడీ తీసుకెళ్లాలి. వాటితో పాటు ఏ నెలలో గుండీ పెట్టుకోలేకపోయారు, ఏ నెలలో మెట్లకు రెయిలింగ్ అవసరమైంది, బరువు ఎంత తగ్గింది, పడుకుంటే ఆయాసం ఉందా అన్నవి తేదీలతో ఒక కాగితం మీద ఉండాలి. ఊపిరి బలం కొలిచే ఎఫ్‌వీసీ పరీక్షను నిర్ధారణ పూర్తయ్యేదాకా వాయిదా వేయకూడదు. ఆయాసం, మింగేటప్పుడు పొలమారడం ఉంటే వాటికి సాయం ఆ రోజే మొదలుకావాలి, పేరు ఏదైనా.